వాషింగ్టన్ వారి ఇంటిపేరు

ఇంటిపేర్ల మీద ఎవరేమి వ్రాసినా వదలకుండా చదివే అలవాటు నాకు చాలాకాలంగా ఉన్నది. మన ఇంటిపేర్లలో చాలాభాగం ఊళ్ల పేర్లే. నిడదవోలు, వేటూరి, మల్లంపల్లి అనగానే సాహిత్యం చదివేవారికి ముందు మనుషులు గుర్తుకు వస్తారు, ఆ తరువాతనే ఊళ్లు. మా ఇంటిపేరూ ఒక ఊరి పేరే. ఆ ఊరిని నేను చూడలేదు, మా నాన్నగారు చూడలేదు, తాతగారు చూశారో లేదో తెలియదు. అయినా ముందు ఆ ఊరి పేరు చెప్పి, ఆ తరువాతే నా పేరు చెప్పుకుంటాను.

అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ సంగతి నాతో పనిచేసే ఒక పెద్దాయనతో చెప్పాను. ఆయన నల్లజాతివారు, అప్పటికే అరవై దాటినవారు. ఇంటిపేరు వాషింగ్టన్. నా మాట విని ఆయన నవ్వి, "నీ పేరు నీ ఊరిది. నా పేరు ఎవరిదో అందరికీ తెలిసినదే కదా" అన్నారు. యజమాని పేరు బానిసకు అంటుకున్నదని ఆయన ఉద్దేశం. ఆ మాటకు ఏమి బదులు చెప్పాలో నాకు తోచలేదు. ఆ తరువాత కొన్నేళ్లపాటు తీరిక చిక్కినప్పుడల్లా ఆ పేరు వెంట తిరిగాను. దొరికినది ఇక్కడ వ్రాసిపెడుతున్నాను. టపా పొడవైంది, మిత్రులు ఓపిక పట్టాలి.

ఇంగ్లండు ఈశాన్య మూలన, డర్హం నగరానికి కొద్దిదూరంలో, వియర్ నదికి ఉత్తరాన వాషింగ్టన్ అనే ఊరు ఉన్నది. ఇప్పుడది సండర్లాండు నగరపాలక పరిధిలోనిది. ఆంగ్లంలో వాషింగ్ అంటే ఉతకడం గనుక ఆ ఊళ్లో పెద్ద చాకిరేవు ఉండేదేమో అని నేను మొదట్లో అనుకున్నాను. అది కాదు. వస్సా అనేది పాత ఇంగ్లీషు కాలంనాటి ఒక మనిషి పేరు. 'ఇంగ్' అనేది సంబంధాన్ని చెప్పే ప్రత్యయం. 'టూన్' అంటే కంచె వేసుకున్న పొలం, పల్లె. ఇప్పటి టౌన్ అనే మాటకు ఆ టూనే మూలం. అన్నీ కలిపితే వస్సాగారి పల్లె. మన రామన్నపాలెం, సోమయ్యపల్లె వంటిదే. ఆ వస్సా ఎవరో, ఏమి చేశాడో చెప్పే రాత ఒక్కటీ లేదు. దక్షిణాన ససెక్స్‌లో కూడా ఇదే పేరుతో ఇంకొక ఊరు ఉన్నది గనుక, వస్సా అనేది ఆ కాలంలో అరుదైన పేరు కాదనుకోవచ్చు.

1183లో డర్హం బిషప్పు తన ఏలుబడిలోని గ్రామాలకు, వాటి రాబడికి లెక్క వ్రాయించాడు. దానికి బోల్డన్ బుక్ అని పేరు. మన కైఫీయతుల వలె కథలు చెప్పదు, జమాబందీ లెక్కకు దగ్గరైనది. అందులో లాటిన్‌లో ఉన్న ఒక చిన్న పద్దు మనకు కావలసినది. హార్ట్‌బర్న్ విలియం అనే ఆయన తన హార్ట్‌బర్న్ గ్రామాన్ని బిషప్పుకు ఇచ్చి, బదులుగా వాషింగ్టన్ గ్రామాన్ని తీసుకున్నాడు. ఏటా నాలుగు పౌన్లు చెల్లించాలి. బిషప్పుగారు పెద్ద వేటకు బయలుదేరితే నాలుగు వేటకుక్కలతో వెళ్లాలి. షరతులు అంతే.

ఊరు మారగానే మనిషి పేరు మారింది. హార్ట్‌బర్న్ విలియం కాస్తా వెస్సింగ్టన్ విలియం అయ్యాడు. పన్నెండవ శతాబ్దపు ఇంగ్లండులో ఇంటిపేరు ఇంకా గట్టిపడలేదు. ఏ ఊరు చేతిలో ఉంటే అదే పేరు. ఈ విలియం కొడుకులు, మనుమలు అదే ఊళ్లో ఉండిపోవడం వల్ల మాత్రమే అది వంశనామమైంది. ఆ మార్పిడి జరగకపోయి ఉంటే అమెరికా రాజధానికి హార్ట్‌బర్న్ అనే పేరు వచ్చేదేమో! పలుకుబడిలో ఆ మాటకు ఆంగ్లంలో ఛాతీమంట అనే అర్థం కూడా ఉన్నది. అక్కడి రాజకీయాలు చూసేవారికి అది అంత అసంగతంగా తోచదు.

ఆ ఊళ్లో మూలశాఖ సుమారు రెండు వందల ఏళ్లు నిలిచింది. 1400 ప్రాంతానికి మగసంతానం లేక, ఆస్తి కూతురితో పాటు టెంపెస్ట్ అనే అల్లుడి వంశానికి పోయింది. వాషింగ్టన్ ఊళ్లో వాషింగ్టన్లు లేకుండా పోయారు. అదే వంశం వాడని చెప్పే జాన్ అనే ఆయన 1416 నుండి 1446 వరకు డర్హం మఠానికి అధిపతిగా ఉన్నాడు. ఊళ్లో ఇల్లు పోయినా, పక్క నగరంలో పేరు ముప్పై ఏళ్లు నిలిచిందన్నమాట.

మూలశాఖ ఆరిపోయేలోపే చిన్న శాఖలు పడమటి తీరానికి వెళ్లాయి. లాంకషైర్‌లో వార్టన్ అనే ఊరి చర్చి గోపురం మీద వాషింగ్టన్ల వంశచిహ్నం చెక్కి ఉన్నది. తెల్లని డాలు మీద అడ్డంగా రెండు ఎర్ర పట్టెలు, వాటిపైన మూడు ఎర్ర నక్షత్రాలు. 1938లో అమెరికా రాజధాని నగరం తన జెండాగా పెట్టుకున్నది ఈ గుర్తునే. అమెరికా దేశపు జెండాలోని చారలు, నక్షత్రాలు కూడా ఇక్కడి నుండే వచ్చాయని చెప్పేవారున్నారు. వినడానికి బాగుంటుంది గాని ఆధారం లేదు.

వార్టన్‌లో పుట్టిన లారెన్స్ వాషింగ్టన్ నడిమి ఇంగ్లండుకు, నార్తాంప్టన్‌కు వెళ్లి ఉన్ని వ్యాపారంలో బాగుపడ్డాడు. రెండుసార్లు ఆ పట్టణానికి మేయరు అయ్యాడు. అప్పుడే ఎనిమిదవ హెన్రీ మఠాలను మూయించి వాటి భూములను అమ్మకానికి పెట్టాడు. 1539లో లారెన్స్ సల్‌గ్రేవ్ అనే గ్రామాన్ని సుమారు 324 పౌన్లకు కొన్నాడు. గొర్రెల బొచ్చు తెచ్చిన డబ్బుతో మఠం మాన్యం కొనుక్కున్న ఇంటి వారన్నమాట. ఆ సంపద మూడు తరాలు కూడా నిలవలేదు. 1610లో మనుమల కాలానికే సల్‌గ్రేవ్ చేయి మారింది. కుటుంబం తమకు బంధువులైన స్పెన్సర్ల ప్రాపున కొంతకాలం గడిపింది. ఇటీవలి కాలంలో డయానా వల్ల లోకమంతా ఎరిగిన స్పెన్సర్లే వీరు. గ్రేట్ బ్రింగ్టన్ చర్చిలో స్పెన్సర్ల ఘనమైన సమాధులకు దగ్గరలో, 1616లో పోయిన ఒక లారెన్స్ వాషింగ్టన్ సమాధిరాయి కూడా ఉన్నది.

ఆ లారెన్స్ కొడుకు పేరు కూడా లారెన్సే. ఈ ఇంట్లో లారెన్సులు, జాన్‌లు ఎంతమంది అంటే, మన ఇళ్లలో సుబ్బారావుల వలె లెక్క తప్పుతుంది. ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, అక్కడే కొన్నాళ్లు ఉండి, తరువాత ఎసెక్స్‌లోని పర్లీ గ్రామంలో చర్చి గురువు అయ్యాడు. రాబడి బాగున్న పదవి. ఇంతలో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం వచ్చింది. ఈయన రాజు పక్షం. 1643లో పార్లమెంటువారు ఈయనను పదవి నుండి తొలగించారు. పొద్దస్తమానం సారాయి కొట్లలో కూర్చుంటాడని, ఇతరులచేత కూడా తాగిస్తాడని అచ్చు వేసి మరీ చాటారు. నిజంగా తాగుబోతో కాదో గాని, ఆ రోజుల్లో రాజభక్తులైన గురువులందరి మీదా ఇటువంటి నేరాలే మోపేవారు. 1653లో ఆయన మాల్డన్‌లో పేదగా పోయాడు. భార్య ఆంఫిలిస్ ట్రింగ్ అనే ఊళ్లో బంధువుల అండన పిల్లలను పెంచి 1655లో పోయింది.

వాషింగ్టన్ అనే పేరు సముద్రం దాటడానికి అసలు కారణం ఈ ఉద్యోగం ఊడడమే. పర్లీలో తండ్రి కొలువు నిలిచి ఉంటే పెద్దకొడుకు జాన్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి మరొక పల్లెటూరి గురువు అయ్యేవాడు. చదువుకు డబ్బు లేక, ఓడవ్యాపారంలో దిగాడు. 1656 చివరలో 'సీ హార్స్' అనే ఓడ మీద వర్జీనియాకు వచ్చాడు. పొగాకు నింపుకొని తిరుగుప్రయాణమైన ఓడ పొటోమాక్ నదిలో మేట మీద చిక్కుకున్నది, సరుకు తడిసింది. ఓడ యజమానితో జాన్‌కు తగవు పడింది. నతానియేల్ పోప్ అనే స్థానికుడు ఆ తగవులో జాన్‌కు పూచీపడి, ఆ తరువాత కూతురిని ఇచ్చి, 700 ఎకరాలు రాసిచ్చాడు. నది మేట వేసినందువల్ల ఇల్లరికం వంటి సంబంధం కుదిరింది. 1664లో అక్కడి చర్చి ప్రాంతానికి వాషింగ్టన్ అనే పేరు పెట్టారు. ఊరి నుండి మనిషికి వచ్చిన పేరు, ఐదు వందల ఏళ్ల తరువాత మళ్లీ మనిషి నుండి ఊరికి చేరింది.

ఈ జాన్‌కు ఇంకొక పేరు కూడా వచ్చింది. 1675లో సస్క్వెహానక్ అనే స్థానిక జాతి పెద్దలు కొందరు సంధి మాటలకు వచ్చి, వలసవారి సేనల చేతిలో హతులయ్యారు. ఆ సేనలో జాన్ ఒక నాయకుడు. ఆ జాతివారు ఆయనకు కొనొటొకేరియస్ అని పేరు పెట్టారు. ఊళ్లను మింగేవాడు అని దాని అర్థం. 1753లో ఆయన మునిమనుమడు జార్జ్ ఓహాయో ప్రాంతానికి దూతగా వెళ్లినప్పుడు అక్కడి స్థానిక నాయకుడొకడు ఆ పేరునే మళ్లీ పిలిచాడు. జార్జ్ దాన్ని అవమానం అనుకోలేదు, కొన్ని ఉత్తరాల్లో తానే వాడుకున్నాడు. 1779లో ఆయన ఆజ్ఞ మీద అమెరికా సేనలు ఇరోక్వా ఊళ్లను పదులకొద్దీ తగలబెట్టాయి. 1790లో సెనెకా పెద్దలు ఆయన ముందు నిలబడి, నీ పేరు వింటే నేటికీ మా ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు అన్న భావంతో మాట్లాడారు. ఒక పల్లె పేరును ఇంటిపేరుగా మోసిన వంశం, పల్లెలను మింగేవాడన్న బిరుదును కూడా వారసత్వంగా పొందింది. చరిత్రకారులు మొదటి పేరు మీద గ్రంథాలు వ్రాశారు, రెండవ పేరును పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసి ఊరుకున్నారు.

జార్జ్ వాషింగ్టన్‌కు తన పూర్వుల మీద పెద్ద పట్టింపు లేదు. 1791లో లండన్ నుండి వంశచిహ్నాల అధికారి ఐజాక్ హర్డ్ ఆయన వంశవృక్షం గురించి వ్రాసి అడిగాడు. మరుసటి ఏడు జార్జ్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఈ విషయం మీద నేను శ్రద్ధ పెట్టలేదు, మా వాళ్లు ఉత్తరాది జిల్లాల నుండి వచ్చారని విన్నాను, లాంకషైరో, యార్క్‌షైరో, ఇంకా పైదో సరిగా గుర్తులేదు. మా నాన్నగారి జవాబు కూడా ఇంచుమించు ఇదే. మనిషికి తాత దాటితే పూర్వులు పొగమంచే.

హర్డ్ ఊహించి కట్టిన వంశవృక్షాన్నే అందరూ డెబ్బై ఏళ్లపాటు నమ్మారు. అది తప్పని 1866లో జోసెఫ్ చెస్టర్ నిరూపించాడు. సరైనది 1889లో హెన్రీ వాటర్స్ చేతికి చిక్కింది. ఆయన లండన్‌లో పాత వీలునామాలు తిరగేస్తూ, ట్రింగ్ ఊరి ఒక గృహస్థు వీలునామా పట్టుకున్నాడు. అందులో ఆంఫిలిస్ పేరు, పిల్లల పేర్లు ఉన్నాయి. అక్కడి నుండి పర్లీ గురువు, ఆయన నుండి సల్‌గ్రేవ్, అక్కడి నుండి వార్టన్, చివరకు వస్సాగారి పల్లె. ఒక మహాసేనాని వంశం మొత్తం ఒక పల్లెటూరి మనిషి ఆస్తి పంపకం కాగితం మీద ఆధారపడి నిలిచింది.

ఇక్కడితో ఆపే పుస్తకాలే ఎక్కువ. కాని మా పెద్దాయన అడిగినది ఇది కాదు.

జార్జ్ వాషింగ్టన్‌కు పిల్లలు లేరు. అన్నదమ్ముల సంతతి ద్వారా తెల్లవారిలో ఆ పేరు నిలిచింది గాని పెద్దగా పెరగలేదు. 2000 సంవత్సరపు అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరు గలవారు 1,63,036 మంది. వారిలో నూటికి తొంభైమంది నల్లజాతివారు. అంత ఎక్కువ పాళ్లలో నల్లవారే మోసే ప్రసిద్ధమైన ఇంగ్లీషు ఇంటిపేరు అక్కడ ఇంకొకటి లేదు.

వీరందరూ మౌంట్ వెర్నన్ బానిసల సంతతి అనుకుంటే పొరపాటు. 1799లో ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉండేవారు. వారిలో 123 మంది మాత్రమే జార్జ్ సొంతం, మిగిలినవారిలో ఎక్కువమంది భార్య మొదటి భర్త ఆస్తికి చెందినవారు. తన బానిసలను విడుదల చేయాలని వీలునామా వ్రాశాడు, 1801 జనవరి 1న వారు విడుదలయ్యారు. మూడు వందల మంది నుండి లక్షన్నర మంది పుట్టుకురారు. పైగా విడుదలైన వారందరూ ఆయన పేరు పెట్టుకోలేదు. యుద్ధమంతా ఆయన పక్కనే గుర్రం మీద తిరిగిన విలియం లీ, చివరిదాకా విలియం లీగానే ఉన్నాడు.

ఆయన పేరు పెట్టుకున్న ఒకరి కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. హ్యారీ అనే ఆయన 1740 ప్రాంతంలో గాంబియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, జార్జ్ గుర్రపుశాలలో పనిచేశాడు. 1771లో ఒకసారి పారిపోయి పట్టుబడ్డాడు. 1776లో మళ్లీ పారిపోయి, బానిసలకు స్వేచ్ఛ ఇస్తామన్న బ్రిటిషువారి సేనలో చేరాడు. 1783లో యుద్ధం ముగిసి బ్రిటిషువారు న్యూయార్క్ ఖాళీ చేస్తున్నప్పుడు, మా ఆస్తిని తిరిగి ఇవ్వండని జార్జ్ వాషింగ్టన్ స్వయంగా బ్రిటిషు సేనాధిపతి కార్లటన్‌ను అడిగాడు. కార్లటన్ ఒప్పుకోలేదు గాని, వెళ్లేవారందరి పేర్లూ ఒక పుస్తకంలో వ్రాయించాడు. అందులో 43 ఏళ్ల హ్యారీ వాషింగ్టన్ ఉన్నాడు. జనరల్ వాషింగ్టన్ సొత్తుగా ఉండేవాడని, ఏడేళ్ల క్రితం వదిలి వచ్చాడని పక్కన వ్రాసి ఉన్నది.

హ్యారీ నోవాస్కోషియా చలిలో తొమ్మిదేళ్లు గడిపి, 1792లో సియెర్రా లియోన్‌కు ఓడ ఎక్కాడు. వాషింగ్టన్ అనే పేరు అలా ఆఫ్రికా చేరింది. అక్కడి పాలకులు సియెర్రా లియోన్ కంపెనీవారు. ఇచ్చిన భూమికి శిస్తు కట్టమన్నారు. ఉచితంగా ఇస్తామని తెచ్చి ఇప్పుడు శిస్తు ఏమిటని 1800లో వలసవారు తిరగబడ్డారు. వారిలో హ్యారీ ఒకడు. కంపెనీ ఆ తిరుగుబాటును అణచి ఆయనను బుల్లం తీరానికి దేశబహిష్కారం చేసింది. జార్జ్ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. శిస్తుల మీద తిరగబడి ఒక వాషింగ్టన్ దేశపిత అయ్యాడు, ఇంకొక వాషింగ్టన్ దేశం పోగొట్టుకున్నాడు.

అయితే లక్షమంది మాట? దానికి కొంత వెలుగు బుకర్ టి. వాషింగ్టన్ ఆత్మకథలో దొరుకుతుంది. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. 1861లో యజమాని పోతే తీసిన ఆస్తి జాబితాలో బుకర్ అనే పిల్లవాడి ఖరీదు 400 డాలర్లని ఉన్నది. ఇంటిపేరు లేదు, ఆవుకు, గుర్రానికి ఇంటిపేరు ఎందుకు? 1865లో స్వేచ్ఛ వచ్చిన తరువాత పశ్చిమ వర్జీనియాలో ఉప్పు బట్టీల దగ్గర పనిచేస్తూ బడికి వెళ్లాడు. పంతులు హాజరు వేస్తుంటే మిగతా పిల్లలు రెండేసి, మూడేసి పేర్లు చెబుతున్నారు. ఈయనకు ఉన్నది ఒకటే పేరు. తన వంతు వచ్చేసరికి ఒక ఉపాయం తట్టింది. నిబ్బరంగా, బుకర్ వాషింగ్టన్ అన్నాడు. పుట్టినప్పటి నుండీ అదే తన పేరైనట్లు చెప్పానని తానే వ్రాసుకున్నాడు. ఆయన సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గుసన్. అంటే ఫెర్గుసన్ యజమాని వైపు పేరు, వాషింగ్టన్ ఆ మనిషి సొంత పేరు. పిల్లవాడు ఎంచుకున్నది సొంత పేరును.

ఆ పుస్తకంలోనే ఇంకొక మాట ఉన్నది. స్వేచ్ఛ వచ్చిన వెంటనే నల్లవారందరికీ రెండు పనులు అవసరమని తోచిందట: పేరు మార్చుకోవడం, కొద్దిరోజులైనా ఆ తోట వదిలి వెళ్లి రావడం. పాత యజమాని ఇంటిపేరు మోయడం తగదనే భావం వ్యాపించి, చాలామంది వేరే ఇంటిపేర్లు పెట్టుకున్నారట. కొందరు నడుమ ఒక పొడి అక్షరాన్ని కూడా చేర్చుకున్నారు. ఆ అక్షరానికి అర్థం ఏమీ లేదు, అదొక దర్జా. ఈ భాగం చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాను. యజమాని పేరు బానిసకు అంటుకున్నదని మా పెద్దాయన అనుకున్నారు. లెక్కలు చూస్తే, ఆ పేరును యజమాని పేరు వదిలించుకోవడానికి తీసుకున్నవారే ఎక్కువ అయి ఉండాలి.

ఇదంతా ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనకు చెప్పాను. వస్సా పేరు విని పెద్దగా నవ్వారు. హ్యారీ గురించి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. మరి మా తాతల పేరు ఎక్కడిది అన్నారు. వెతకండి, 1870 జనాభా లెక్కలతో మొదలుపెట్టండి అన్నాను. అంతకు ముందు 1850, 1860 లెక్కల్లో బానిసలకు పేర్లు వ్రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడ మగ, రంగు మాత్రమే వ్రాశారు.

ఆయన ఉద్యోగం విరమించిన రెండేళ్లకు ఒక కవరు పంపారు. అందులో 1870 నాటి పట్టిక ఒక పుట నకలు ఉన్నది. వరుసగా ఆరుగురి పేర్లు, మొదటి పేరు ఎదురుగా వాషింగ్టన్ అని గుమాస్తా చేతివ్రాత. వృత్తి: వ్యవసాయ కూలీ. చదవలేడు, వ్రాయలేడు అనే రెండు గళ్లలోనూ గీతలు ఉన్నాయి. ఆ ఇంటిపేరు కింద ఆయన ఎర్రసిరాతో గీత గీసి, పక్కన, "ఇది ఈయన నోటితో చెప్పి వ్రాయించుకున్నది" అని వ్రాశారు.